బోణీ చెయ్యి

మనిషి ముంజేతి ఎముక విరగాలంటే ఎంత బరువు చాలు? డ్రమ్ము మూత తిప్పే ఇనప రెంచి నా సీటు కింద ఉంది, మడమకు చల్లగా తగులుతూ. మూరెడు పొడవు. జిగురు పట్టి బిగుసుకుపోయిన మూతలను ఒక్క గుంజుకు వదిలించే ఇనుము. బ్యాంకు షట్టరు ఇంకా లేవలేదు. రోడ్డుకు అటువైపు, చాయ్ బండి పక్కన, తెల్ల కారులో నా అల్లుడు ప్రవీణ్‌కుమార్ చాయ్ తాగుతున్నాడు. చొక్కా చేతులు మడిచి, కుడి మోచెయ్యి కిటికీ మీద పెట్టుకున్నాడు, తూకానికి పెట్టినట్టు. నా ట్రాలీ బండికీ ఆ కారుకూ మధ్య పటాన్‌చెరు రోడ్డు, దాని మీద ఆగకుండా లారీలు. ఒక లారీ పోయి ఇంకోటి వచ్చేలోపు దాటితే, వాడు గ్లాసు కింద పెట్టకముందే రెంచి దిగుతుంది. ఒక దెబ్బ మోచేతి కింద, మిగతావన్నీ వేళ్ల మీద. వేళ్ల మీదే ఎక్కువ పడాలి. ఏ రకం సరుకు తీసుకున్నాడో ఆ రకమే తిరిగి ఇయ్యాలి. నా పక్క సీట్లో నా బిడ్డ చంద్రిక కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి నుంచి వేళ్ల దాకా పిండికట్టు. బొటనవేలు ఒక్కటే బయటికి ఉంది, నేరేడు పండు రంగులో, వాచి, గోరు కింద నెత్తురు గడ్డకట్టి. ఆ వేలి కోసమే వచ్చాం. చెయ్యి విరిగినవాళ్లు సంతకం బదులు వేలిముద్ర వేయొచ్చని మా వకీలమ్మ చెప్పింది.

ఆ చెయ్యి నా బోణీ చెయ్యి. నాది పాత డ్రమ్ముల వ్యాపారం. జిన్నారం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు ఖాళీ చేసి పడేసిన డ్రమ్ములు లాటుగా కొని, కడిగించి, సొట్టలు తీయించి, రంగు వేయించి అమ్ముతాను. చంద్రిక ఇంకా సరిగ్గా మాటలు రాని వయసులో ఒక పొద్దున యార్డులో ఆడుకుంటూ తొలి బేరం నోటు అందుకుంది. చీకటి పడేలోపు యార్డు ఊడ్చినట్టు ఖాళీ అయింది. అప్పటి నుంచి తొలి నోటు ఆ చేతిలో పడకుండా గల్లా తెరవలేదు. బడికి పోయేముందు, కాలేజీకి పోయేముందు, ల్యాబు ఉద్యోగానికి పోయేముందు. కొనేవాడు నోటు పట్టుకుని నిలబడేవాడు, "ఏం సేటూ, బిడ్డ ఇంక పండ్లు తోముకుంటుందా?" అని ఎగతాళి చేసేవాడు. బ్యాంకులో డిపాజిట్లు వేసిన రోజు కూడా అంతే. మొదటి పేరు ఆమెది రాయించాను, రెండోది నాది, చిన్నరాములు. "పైసలు మీవి కదా, మీ పేరు ముందు రాయండి" అని బ్యాంకు మనిషి చెప్పాడు. "నువ్వు రాయి సార్, అది బోణీ చెయ్యి" అన్నాను. నన్ను మోసం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ మోసం చేయకుండా నాకు నేను చేసుకున్న నష్టం ఇదొక్కటే. మొదటి పేరు ఎవరిదో, ఖాతాకు ఫోను నంబరు వాళ్లదట. కాగితం మీద డిపాజిట్ తెంపాలన్నా పేరు తీయాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. ఫోనులో అయితే మొదటి పేరు వాళ్లు ఒక్కరే రహస్య నంబరు కొట్టి అంతా తెంపుకోవచ్చు. ముందు తలుపుకు రెండు తాళాలు వేసి వెనక తలుపు తెరిచి పెట్టారు. ఆ వెనక తలుపు, నా బిడ్డ ఫోను, శుక్రవారం నుంచి వాడి జేబులో ఉంది.

శుక్రవారం విడాకుల నోటీసు వాడి చేతికి అందింది. చంద్రిక పంపిన నోటీసు. ఆ రాత్రే ఆమె కట్టుబట్టలతో, వేలాడే వేళ్లతో, ఆటో ఎక్కి నా దగ్గరికి వచ్చింది. ఫోను రాలేదు. సిమ్ము వాడి పేరు మీద ఉంది, ఆపించడానికి వీల్లేదు. దవాఖానలో రాసుకున్నారు, పోలీసులు రాసుకున్నారు, పిలుస్తాం అన్నారు. శనివారం బ్యాంకుకు సెలవు, మర్నాడు ఆదివారం. బ్యాంకు ఫోను సేవకు చేస్తే ఒకటి నొక్కమని, రెండు నొక్కమని తిప్పి తిప్పి, ఖాతాలో ఉన్న నంబరు నుంచే చేయమంది ఒక ఆడగొంతు. ఆ నంబరు దొంగ దగ్గర ఉందమ్మా అంటే, క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు అంది. రెండు రోజులుగా ఆ డబ్బు ఉందో పోయిందో తెలియకుండా కూర్చున్నాను. గోడకు తల కొట్టుకోలేదు కానీ, యార్డులో ఒక మంచి డ్రమ్మును రెంచితో కొట్టి కొట్టి పనికిరాకుండా చేశాను. దాన్ని నష్టం కింద రాసుకున్నాను.

డిపాజిట్లలో ఎంత ఉందో ఎవరికీ చెప్పను. ఏముందో చెబుతాను. అందులో డ్రమ్ములు కడిగే కాస్టిక్ నీళ్లకు ఊడిపోయిన నా గోళ్లు ఉన్నాయి. డ్రమ్ముల అడుగున మిగిలిన ద్రావకాల వాసన పీల్చి పీల్చి నెత్తురు దగ్గిన నా భార్య పుష్పమ్మ ఉంది, చివరి దాకా డ్రమ్ములు లెక్కపెట్టి మరీ పోయింది. ఒక బీహారు వెల్డరు దవడ ఉంది. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్ము ప్రమాదం. అడుగున చెంచాడు ద్రావకం ఉన్నా దాని ఆవిరి లోపలంతా నిండి కూర్చుంటుంది. నీళ్లు నింపకుండా గ్యాస్ కట్టరు పెట్టొద్దని రోజూ అరిచేవాడిని. ఆ రోజు నీళ్ల ట్యాంకరు రాలేదు, వాడు ఆగలేదు. మూత లేవడం ముందు చూశాను, చప్పుడు తర్వాత విన్నాను. పడ్డవాడు నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు. చెప్పడానికి ముఖం కింది సగం లేదు. నాలుక ఒక్కటే కదిలింది. వాడి ఊరికి శవాన్ని పంపాను, వాడి భార్యకు డబ్బు పంపాను, తర్వాత చాలా రోజులు మాంసం తినలేదు. అన్ని డ్రమ్ములు చూసిన నేను ఈ అల్లుణ్ణి చూసి గుర్తుపట్టలేదు. వాళ్ల నాయన కోస్తా నుంచి సర్కారీ కంపెనీలో నౌకరీకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వీడు చంద్రికతో ఒకే ల్యాబులో పనిచేశాడు. తాగడు, అరవడు, అండీ లేకుండా మాట్లాడడు. మూత బిగించి ఉంది, రంగు కొత్తగా ఉంది, వాసన రాలేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడి దగ్గర పెళ్లి చేసి, మా వాళ్లందరి ముందు గర్వంగా తిరిగాను. వాడు ఫోనులో షేర్లు ఆడి జీతాలు పోగొట్టాడు, నగలు పోగొట్టాడు, తర్వాత నా బిడ్డ వీపు మీద బెల్టు గుర్తులు కనిపించాయి. అప్పుడు కూడా అండీ అనే అన్నాడు.

యార్డులో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ఉన్నాయి. మోకాళ్లు ఛాతీకి మడిస్తే వాడి ఎత్తు మనిషి పడతాడు. ఆదివారం అన్నం ముందు కూర్చుని అదే కొలిచాను. వాడి భుజాల వెడల్పు పెళ్లి కోటు కుట్టించినప్పటి నుంచి నాకు గుర్తుంది. మూత మీద ఇనప పట్టీ బిగించి, గోడ పక్కన వరసలో నిలబెడితే, వందల డ్రమ్ముల మధ్య ఆ ఒక్కదాన్ని ఎవరు చూస్తారు? నేను చూస్తాను. రోజూ పొద్దున తాళం తీసి ముందు దాన్నే చూస్తాను. ముద్ద కలిపి కలిపి చల్లారిపోయింది. చంద్రిక ఎడమ చేతితో తినడం రాక మెతుకులు ఒళ్లో పోసుకుంటోంది. తినిపిస్తానంటే వద్దంది. ఆ ఎడమ చెయ్యి చూసి లెక్కలోకి మళ్లీ వచ్చాను. చంపితే జైలు. జైలుకు పోయినవాడి సంతకం కోసం బ్యాంకు జైలుకు రాదు. డబ్బు ఇద్దరి సంతకాల మీద ఉంది, ఒక చెయ్యి విరిగి ఉంది, రెండో చేతికి బేడీలు పడితే అంతా వాడి ఫోనుకే వదిలినట్టు.

వేలిముద్ర అన్న మాట నాకు గొంతు దిగదు. మా అవ్వ రాజవ్వకు సంతకం రాదు. మా పొలం ఫ్యాక్టరీ కింద పోయిన రోజు ఆఫీసులో ఆమెను బల్ల ముందు నిలబెట్టారు. ఆమె వేలు ముడుచుకుంది. అధికారి ఆ వేలిని, కోడి మెడ పట్టినట్టు పట్టి, విప్పి, సిరాకు రుద్ది కాగితం మీద అదిమాడు. "నొక్కు, నొక్కు, గట్టిగ నొక్కు" అన్నాడు. అవ్వ ఇంటికి వచ్చి ఆ వేలిని గచ్చు నేలకేసి గీసింది, తోలు లేచిపోయే దాకా. సిరా పోయిన చోట నెత్తురు వచ్చింది. ఆ నెత్తుటి వేలితోనే రాత్రి నాకు అన్నం పెట్టింది. ఆ పొలం మీద లేచిన ఫ్యాక్టరీ నుంచే తర్వాత నేను డ్రమ్ములు కొన్నాను, లాభానికి అమ్మాను, ఆ లాభంతో బిడ్డను చదివించాను. చంద్రిక సంతకం తోక లాగినట్టు ఉంటుంది, కింద రెండు చుక్కలు. ల్యాబులో ఆమె ఆ రెండు చుక్కలు పెడితే తప్ప మందుల లారీ గేటు దాటేది కాదు. డిపాజిట్ ఫారం మీద ఆ చుక్కలు పెడుతుంటే పక్కన నిలబడి చూశాను. అవ్వ బతికి ఉంటే చూపించేవాణ్ణి.

సంగారెడ్డి కోర్టు దగ్గరి వకీలమ్మ రెండు దారులు చెప్పింది. "ఆ పైసలల్ల మొగనికి హక్కు లేదు పెద్దాయనా. గని బిడ్డ పేరు మీద గింత ఉందని చూపిచ్చి భరణం ఎందుకంటడు, ఏదో ఆర్డరు తెచ్చి ఏండ్లకేండ్లు నిలబెడుతడు. కేసు పడకముందే ఆమె పేరు తీపిచ్చి నీ ఒక్కని పేరు మీదికి తెచ్చుకో." రెండో దారి, ఇద్దరిలో ఏ ఒక్కరైనా ఒక అర్జీ రాసి ఇయ్యొచ్చు: ఇద్దరం కలిసి వచ్చి సంతకం పెడితే తప్ప రూపాయి కదలొద్దని. ఫోను దారి కూడా మూసుకుంటుంది. దానికి ఒక్క సంతకం చాలు. "గప్పుడు నీకు గూడ తాళమే" అంది. అది నాకు కుదరదు. సుల్తాన్‌పూర్‌లో డ్రమ్ముల పెద్ద లాటు ఒకటి నా పేరు మీద మాట అయి ఉంది, ఈ డిపాజిట్లు తెంపి సాయంత్రానికి బయానా సొమ్ము కట్టాలి. ఆ లాటు పోతే ఈ ఏడాది పనివాళ్లకు జీతాలు లేవు. ఇంకో లెక్క కూడా ఉంది, బిడ్డ అని ఆ లెక్క వేయకుండా ఉండలేను. చంద్రిక ఇదివరకు రెండుసార్లు పుట్టింటికి వచ్చింది, రెండుసార్లూ తిరిగి పోయింది. వాడు గుమ్మంలో కూర్చుని ఏడిస్తే పోయింది. మూడోసారి పోతే ఆమె వెనకే నా డబ్బు పోతుంది. పేరు తీయించడమే మంచిది. వచ్చేటప్పుడు ట్రాలీలో అడిగాను. "నంబరు జెప్పినవా ఆనికి?" కిటికీలోంచి చూస్తూ "లే" అంది. "మరి వేళ్లెట్ల ఇరిగినయి?" "బీరువా తలుపుల పడ్డయి." చెప్పకపోతే ఊరికే విరుస్తాడా, చెప్పిన తర్వాత విరిచాడా, చెప్పి దాస్తోందా? సరుకు అమ్మేవాడి ముఖం చూసినట్టు నా బిడ్డ ముఖం చూశాను. ఏమీ తెలియలేదు.

కారు తలుపు చప్పుడు. వాడు రోడ్డు దాటి వస్తున్నాడు, లారీని చెయ్యి చూపి ఆపి మరీ. ఏ లారీ అయినా బ్రేకు పడక ఆగకపోతే బాగుండు. ఆగింది. నా కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు, గడ్డం నున్నగా గీసుకుని.

"నమస్కారం మావయ్య గారూ. టిఫిన్ చేశారా?"

నా చెయ్యి సీటు కిందికి పోయింది. రెంచి పట్టు అరచేతిలో ఎంత సరిగ్గా అమరిందో. వాడి కణత నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది.

"ఇంట్లో మాట రోడ్డు మీదికి ఎందుకండీ? తనే కోపంలో బీరువా తలుపు వేసుకుంది. దవాఖానా ఖర్చు నేనిస్తాను. తనని ఇంటికి పంపించండి, డబ్బు సంగతి మనం మనం కూర్చుని మాట్లాడుకుందాం."

"దా, లోపట కూసో, మాట్లాడుదం" అన్నాను. నా గొంతు మెత్తగా ఉండడం చూసి నాకే భయం వేసింది. పక్క నుంచి ఎడమ చెయ్యి వచ్చి నా మోచేతి మీద పడింది. "బాపూ, వద్దు. షెట్టరు లేసింది సూడు." వాడి వైపు తల తిప్పలేదు. రెంచి వదిలాను. వేళ్లు ఒక్కొక్కటీ తీయాల్సి వచ్చింది.

లోపల చల్లగా ఉంది. బల్ల వెనక చిన్న వయసు ఆఫీసరమ్మ కంప్యూటరు చూసి, డిపాజిట్లన్నీ అలాగే ఉన్నాయండి అంది. కుర్చీలో కూలబడ్డాను. ఉన్నాయి. గోళ్లు, పుష్పమ్మ, దవడ, అన్నీ ఉన్నాయి. జల్దీ జల్దీ అని తొందరపెట్టాను. చంద్రిక పేరు తీసే కాగితం బల్ల మీద పరిచారు. మూడు చోట్ల చంద్రిక ముద్ర, మూడు చోట్ల నా సంతకం. నావి గబగబా పెట్టేశాను. సిరా పెట్టె తెరిచారు. చంద్రిక పిండికట్టు చెయ్యి బల్ల మీదికి ఎత్తింది కానీ బొటనవేలు వంగలేదు. నేను పట్టుకున్నాను. వేడిగా ఉంది, ఉడికించిన దుంపలా ఉంది. సిరాకు రుద్దాను. కాగితం మీద పెట్టి అదిమాను. కట్టు లోపల ఏదో కదిలింది, పిండి కింద పుల్ల జరిగినట్టు, నా చేతికి తెలిసింది. ఆమె మెడ మీద నరం ఒక్కటి లేచి నిలబడింది. ముద్ర చూస్తే గీతలు లేవు, నల్లటి మచ్చ. "పడలేదండి, ఇంకాస్త గట్టిగా నొక్కండి" అంది ఆఫీసరమ్మ. "నొక్కు బిడ్డా, గట్టిగ నొక్కు" అన్నాను. ఆ మాట ఎక్కడ విన్నానో మెదడుకు అందేలోపు మళ్లీ అదిమాను.

"చంద్రిక గారూ, మీ ఇష్టంతోనే పేరు తీయించుకుంటున్నారా? అడగాలి, తప్పుగా అనుకోకండి. చేతికి ఏమైంది?"

చంద్రిక ఆమెకే చెప్పింది, ల్యాబులో రిపోర్టు చదివినట్టు. నాకు ఒక్క మాట కూడా చెప్పని నా బిడ్డ. "బ్యాంకు నంబరు అడిగిండు మేడం. మూడుసార్లు తప్పు కొడితే బందైతది గదా. అందుకే తప్పు చెప్పిన. కొట్టి సూశిండు, రాలే. చిటికెన వేలు బీరువా సందుల పెట్టి తలుపేసిండు. ఇంకో నంబరు చెప్పిన, అది గూడ తప్పే. ఉంగరం వేలు పెట్టిండు. మూడోది చెప్పేటప్పుడు జెర ఏడ్శిన, నమ్మాలె గదా. అది గూడ కొట్టినంక బందయింది. ఇగ కోపానికి చెయ్యంత పెట్టి తలుపేసిండు."

ఆఫీసరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మళ్లీ తెరుచుకుంటుంది కదమ్మా, ఒక రోజుకు?"

"అవు మేడం. ఆ ఒక్క రోజు చాలనుకున్న. బయటపడనీకి."

వేలు నా చేతిలోనే ఉంది. కాగితం మీద నేను అదిమిన రెండు నల్ల మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. బీరువా సందులో వాడు పెట్టిన చెయ్యి, బల్ల మీద నేను పెట్టిన చెయ్యి. వాడు అడిగింది కూడా ఈ డబ్బే. నేను దాన్ని కాపాడుతున్నానని లెక్క వేసుకుంటున్నాను రెండు రోజుల నుంచి, ట్రాలీలో, అన్నం ముందు, రెంచి పట్టుకుని. కాపాడడం శుక్రవారం రాత్రే అయిపోయింది. అది చేసిన మనిషి ముఖాన్ని నేను సరుకులా చూశాను.

"నంబరు జెప్తే చెయ్యి మిగులు గద బిడ్డా."

"నీ పైసల నంబరు నేనెట్ల చెప్త బాపూ?" అంది, నేనేదో తెలివితక్కువ బేరం అడిగినట్టు. "నొక్కు, ఇంక రెండు జాగలున్నయి. నీ లాటుకు ఏళైతుంది."

వేలు వదిలాను. జేబు రుమాలుతో ఆ సిరా తుడవబోతే ఉలిక్కిపడింది, ఆపాను. మూడు సంతకాలు పెట్టిన కాగితాన్ని లాక్కుని అడ్డంగా చించాను. ఆఫీసరమ్మను తెల్ల కాగితం అడిగాను. ఇద్దరం కలిసి వచ్చి సంతకాలు పెడితే తప్ప ఈ ఖాతాలో ఏదీ కదలొద్దు, ఫోను మీద అసలే వద్దు అని రాశాను. కింద ఒక్కణ్ణే సంతకం పెట్టాను. ఆమె పేరు మొదట ఉంది, అలాగే ఉండనీ. భరణం పోతే పోనీ, వాడి చేతి డబ్బు గల్లాలో పడకపోతే నాకు తగ్గేదేమీ లేదు. ఎప్పుడు వస్తారండి ఇద్దరూ అని అడిగింది ఆఫీసరమ్మ. "చెయ్యి మానినంక. రెండు చుక్కలు పెట్టొస్తదంటే గప్పుడు వస్తం." చించిన ముక్కలు చంద్రిక ఎడమ చేత్తో ఏరుకుని తన సంచిలో వేసుకుంది. ఆఫీసరమ్మ ఏవో మీటలు నొక్కి, అయిందండి, ఖాతా నంబరుకు మెసేజ్ పోతుంది అంది.

మేము మెట్లు దిగుతుండగానే పోయింది. వాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. జేబులో టింగుమంది. తీశాడు. పువ్వుల కవరున్న ఫోను, నా బిడ్డది. చదివాడు, మళ్లీ చదివాడు. ముఖం మీద రంగు డ్రమ్ము మీద పెచ్చు లేచినట్టు లేచింది.

"ఏం చేశావ్ ముసలోడా?"

అండీ పోయింది. ఒక్క అడుగులో వచ్చి చంద్రిక భుజం పట్టుకుని గుంజాడు. రెంచి ట్రాలీలో ఉంది. నా చేతులు ఖాళీ. నేను కదిలేలోపు చంద్రిక నడుం తిప్పి, పిండికట్టు మొత్తం ఎత్తి వాడి ముఖం మీద వేసింది. యార్డులో నేను వినని చప్పుడు లేదు, అయినా అలాంటిది వినలేదు. వాడి ముక్కు పక్కకు పోయింది. రెండోసారి వేసింది. వాడు మెట్ల మీద కూర్చున్నాడు, నోటికి అడ్డం పెట్టుకున్న వేళ్ల సందుల్లోంచి నెత్తురు నా బూట్ల మీద పడింది. ఫోను కింద పడితే చంద్రిక వంగి ఎడమ చేత్తో తీసుకుంది, లంగావోణీ వేసుకునే రోజుల్లో తొలి నోటు తీసుకున్నంత తేలికగా. చాయ్ బండి దగ్గర జనం గ్లాసులు పట్టుకుని ఆగిపోయారు. ముందు భుజం పట్టింది వాడే, వాళ్లంతా చూశారు, అది వకీలమ్మకు చెప్పాలి.

పిండికట్టు మణికట్టు దగ్గర అడ్డంగా పగిలింది. ఆమె పెదవులు తెల్లగా అయిపోయాయి. ట్రాలీ తలుపు తీసి ఎక్కించాను. రెంచి సీటు కిందే ఉంది, దాన్ని వెనక్కి తోశాను. సుల్తాన్‌పూర్ లాటు అమ్మేవాడికి ఫోను చేసి, ఇంకొకరిని చూసుకోమని చెప్పాను. ఏమైంది సేటూ, అన్ని రోజులు వెంటపడి అని అడిగాడు. ఇంట్లో ఖర్చు వచ్చింది అన్నాను.

"బాపూ, మల్ల కట్టాలేమో" అంది చంద్రిక, చేతిని ఒళ్లో పెట్టుకుని.

"కడుతరు" అన్నాను. బండి దవాఖాన వైపు తిప్పాను.